రెండు చోట్ల ఉన్న సర్వర్ క్లస్టర్లను కలిపే నెట్‌వర్క్: లైన్ తెగిన గంట నుంచి లెక్క మొదలుపెట్టండి

ప్రశ్న: మాకు రెండు సైట్లలో సర్వర్ క్లస్టర్లు ఉన్నాయి. ఫైబర్ దారిలో వాటి మధ్య దూరం దాదాపు 600 కిలోమీటర్లు. ఒక్కో చోట కుబర్నెటిస్ (చాలా సర్వర్ల మీద అప్లికేషన్లను నడిపే సాఫ్ట్‌వేర్) మీద 40 సర్వర్లు, ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నడుస్తున్నాయి. రెండింటినీ కలిపి ఒకే పెద్ద క్లస్టర్‌లా వాడాలని పైవాళ్లు అంటున్నారు. 10 గిగాబిట్ లైన్ ఒకటి తీసుకుంటే సరిపోతుందా? వీల్యాన్‌లను రెండో సైట్ దాకా సాగదీయాలా? రెండు చోట్లా ఒకే ఐపీ రేంజ్‌లు వాడాం, దానివల్ల ఇబ్బంది ఉంటుందా?

సమాధానం:

ఒక లైన్ సరిపోదు. 10 గిగాబిట్ తక్కువని కాదు, లైన్ ఒక్కటే ఉందని. వీల్యాన్‌లు (సైట్ లోపలి స్థానిక నెట్‌వర్క్ విభాగాలు) సాగదీయొద్దు. ఐపీ రేంజ్‌ల ఇబ్బంది మాత్రం మీరు అనుకున్నదానికంటే పెద్దది, లైన్ ఆర్డర్ పెట్టకముందే దాన్ని సరిచేసుకోవాలి. కారణాలు ఒక్కొక్కటిగా చెప్తాను.

ఇలాంటి డిజైన్లలో డబ్బు పెట్టి పెంచుకోగలిగేది బ్యాండ్‌విడ్త్. దూరాన్ని తగ్గించలేం. లైన్ ఎప్పటికీ తెగకుండా ఎవరూ చెయ్యలేరు. అందుకే ఎవరు అడిగినా నేను ముందు ఒక ప్రశ్న వేస్తాను. రెండు సైట్ల మధ్య లైన్లన్నీ పోయి, గంట సేపు ఒకదానికొకటి కనబడకపోతే, ఆ గంటలో ఏ సైట్ ఏం చెయ్యాలి? రెండూ యూజర్లకు జవాబిస్తూ ఉండాలా? ఒకటి రాయడం ఆపేసి చదవడానికే పనికిరావాలా? అలా అయితే ఏది ఆపాలి, ఎవరు ఆపాలి? దీనికి జవాబు రాసుకోకుండా రౌటర్ మోడళ్ల దగ్గరికి వెళ్లొద్దు. మిగతా నిర్ణయాలు చాలావరకు ఈ జవాబులోంచే వస్తాయి.

ముందు దూరం సంగతి చూద్దాం. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే ప్రతి 100 కిలోమీటర్లకూ పోనురానూ కలిపి 1 మిల్లీసెకను. మీ 600 కిలోమీటర్లకు కనీసం 6 మిల్లీసెకన్లు, మధ్యలో ఉండే పరికరాల వల్ల ఇంకాస్త ఎక్కువ. ఒకే ర్యాక్‌లోని సర్వర్ల మధ్య ఇది సాధారణంగా మిల్లీసెకనులో చిన్న భాగం. 6 మిల్లీసెకన్లంటే చూడ్డానికి చిన్న అంకెలాగే ఉంటుంది. కానీ ఒక పేజీ తెరవడానికి అప్లికేషన్ డేటాబేస్‌ను ఒకదాని తర్వాత ఒకటిగా 40 సార్లు అడుగుతుందనుకోండి. అప్లికేషన్ ఒక సైట్‌లో, డేటాబేస్ ఇంకో సైట్‌లో ఉంటే అక్కడే 240 మిల్లీసెకన్లు అదనం. 100 గిగాబిట్ లైన్ వేసినా ఇందులో ఒక్క మిల్లీసెకను కూడా తగ్గదు.

డేటాబేస్ రాతల్లో ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో సింక్రనస్ రీప్లికేషన్ (ప్రతి రాతా కాపీకి చేరిందని ఖాయం చేసుకునే పద్ధతి) పెడితే, అవతలి సైట్ నుంచి సమాధానం వచ్చేదాకా కమిట్, అంటే రాతను ఖాయం చెయ్యడం, పూర్తి కాదు. ఒకే వరుసను చాలామంది మార్చే టేబుల్ ఉంటే, ఉదాహరణకు స్టాకు మిగులు లెక్క, ఆ వరుస లాక్ ప్రతిసారీ 6 మిల్లీసెకన్లు పట్టి ఉంటుంది. ఎంత పెద్ద సర్వర్ పెట్టినా సెకనుకు దాదాపు 160 మార్పుల దగ్గర ఆగిపోతుంది. పైగా, సింక్రనస్ స్టాండ్‌బై (కాపీ ఉంచుకునే సర్వర్) ఒక్కటే ఉండి లైన్ తెగితే, ప్రైమరీలో (రాతలు తీసుకునే ప్రధాన సర్వర్‌లో) కమిట్లన్నీ సమాధానం కోసం ఎదురుచూస్తూ నిలబడిపోతాయి. అంటే రక్షణ కోసం పెట్టుకున్న రెండో సైటే మొదటి సైట్‌ను ఆపేస్తుంది. కాబట్టి మీ దూరానికి నా సలహా ఇది: సింక్రనస్ కాపీ ఒకటి అదే సైట్‌లో వేరే ర్యాక్‌లో పెట్టండి, అవతలి సైట్‌కు అసింక్రనస్‌గా (సమాధానం కోసం ఆగకుండా) పంపండి. సైట్ మొత్తం పోతే చివరి కొన్ని సెకన్ల రాతలు పోవచ్చు. ఆ నష్టాన్ని ఒప్పుకుంటారా లేదా అన్నది నెట్‌వర్క్ టీమ్ తేల్చే విషయం కాదు, వ్యాపారం నడిపేవాళ్లు తేల్చి సంతకం పెట్టాలి.

ఇక “రెండూ కలిపి ఒకే క్లస్టర్” సంగతి. కుబర్నెటిస్ తన సమాచారమంతా ఎట్‌సీడీ అనే డేటాబేస్‌లో పెట్టుకుంటుంది. ఎట్‌సీడీ నడవాలంటే దాని సభ్యుల్లో (దాన్ని నడిపే సర్వర్లలో) సగానికి మించి ఒకరికొకరు కనబడాలి. ముగ్గురు సభ్యులుంటే ఒకరు పోయినా తట్టుకుంటుంది, ఐదుగురుంటే ఇద్దరు పోయినా తట్టుకుంటుంది. మీకున్నవి రెండే సైట్లు. ముగ్గురిని ఎలా పంచినా ఒకవైపు ఇద్దరు, ఇంకోవైపు ఒకరు. ఇద్దరున్న సైట్ పోతే మిగిలినదానికి కోరం (ఆ సగానికి మించిన మెజారిటీ) ఉండదు, అది కూడా నిలిచిపోతుంది. చెరో ఇద్దరిని పెడితే లైన్ తెగగానే రెండువైపులా ఆగుతాయి. రెండు సైట్ల మధ్య ఓటు వేసి తేల్చుకునే మార్గమే లేదు. దీనికి మూడో చోటు కావాలి. అది చిన్నదైనా ఫర్వాలేదు, ఒక ఓటరు సరిపోతుంది. కానీ అక్కడికి వెళ్లే దారి మొదటి రెండు సైట్ల మధ్య లైన్ మీద ఆధారపడకూడదు. ఈ ఒక్క షరతు మర్చిపోయి మూడో ఓటరును మొదటి సైట్ గుండా కనెక్ట్ చేసిన డిజైన్లు నేను చాలా చూశాను.

మీ విషయంలో రెండు వేర్వేరు కుబర్నెటిస్ క్లస్టర్లే ఉంచమంటాను. ఒకే సాఫ్ట్‌వేర్ రెండింటిలోనూ నడవనివ్వండి, యూజర్లను బయటి నుంచి పంచండి, సైట్ల మధ్య దాటేది డేటాబేస్ రీప్లికేషన్, ఫైళ్ల కాపీ, మానిటరింగ్ మాత్రమే అయ్యేలా చూడండి. దాటే వాటి జాబితా ఎంత చిన్నదైతే లైన్ తెగినప్పుడు టెన్షన్ అంత తక్కువ.

దీనికి అందరూ చదవాల్సిన ఉదాహరణ ఉంది. 2018 అక్టోబర్ 21న గిట్‌హబ్‌లో పాడైపోతున్న 100 గిగాబిట్ ఆప్టికల్ పరికరాన్ని మార్చే మామూలు మెయింటెనెన్స్ పని జరిగింది. ఆ పనిలో అమెరికా తూర్పు తీరంలోని వాళ్ల నెట్‌వర్క్ హబ్‌కూ ప్రధాన డేటా సెంటర్‌కూ మధ్య 43 సెకన్లు సంబంధం తెగింది. అంతే. కానీ ఆ 43 సెకన్లలో, డేటాబేస్ ఫెయిలోవర్ (ప్రైమరీ పోతే ఇంకోదాన్ని ప్రైమరీ చెయ్యడం) చూసుకునే ఆటోమేటిక్ వ్యవస్థ మిగిలిన చోట్ల కోరం కూడగట్టుకుని, ప్రైమరీని పడమటి తీరానికి మార్చేసింది. తూర్పున అప్పటికే పడి, పడమరకు చేరని రాతలు కొన్ని ఉన్నాయి. లైన్ తిరిగి వచ్చాక పడమరనా కొత్త రాతలు పడ్డాయి. ఇప్పుడు ఏ ఒక్కదాన్నీ అసలైనదని పట్టుకుని రెండోదాన్ని చెరిపేయడానికి లేదు. తూర్పున నడిచే అప్లికేషన్లు దేశం ఆ చివరన ఉన్న డేటాబేస్‌కు రాయాల్సి రావడంతో ఆలస్యాన్ని కూడా తట్టుకోలేకపోయాయి. సర్వీసు పూర్తిగా మామూలయ్యేసరికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది.

దీన్నుంచి నేను తీసుకున్న నియమం: దారి మార్చడం వేగంగా జరగాలి, ప్రైమరీని మార్చడం నిదానంగా జరగాలి. ఒక లైన్ పోతే ట్రాఫిక్ రెండో లైన్ మీదకు సెకను లోపే వెళ్లాలి, దానికి మనిషి అక్కర్లేదు. డేటాబేస్ ప్రైమరీని ఇంకో సైట్‌కు తీసుకెళ్లాలంటే మాత్రం కొన్ని నిమిషాలు ఆగి, డ్యూటీలో ఉన్న మనిషి చూసి బటన్ నొక్కాలి. ఆ కొద్ది నిమిషాల అంతరాయం రెండు వైపులా రాతలు కలిసిపోయిన డేటాను విడదీయడంతో పోలిస్తే ఎంతో నయం.

దారి వేగంగా మారాలంటే లైన్ పోయిందని ముందు తెలియాలి. ప్రొవైడర్ పరికరాలు మధ్యలో ఉన్నప్పుడు, అవతల ఎక్కడో ఫైబర్ తెగినా మీ పోర్టులో లైటు వెలుగుతూనే ఉండొచ్చు. అప్పుడు బీజీపీ (రౌటర్లు దారులను ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి) తన హోల్డ్ టైమ్ (అవతలివైపు కోసం ఎదురుచూసే గడువు) అయ్యేదాకా ఏమీ తెలియనట్టే ఉంటుంది. ప్రమాణం సూచించేది 90 సెకన్లు, చాలా రౌటర్లలో డిఫాల్ట్ 180 సెకన్లు. అంతసేపు ప్యాకెట్లు పోయి గోతిలో పడుతుంటాయి. బీఎఫ్‌డీ (లైన్ బతికే ఉందా అని చిన్న ప్యాకెట్లతో పదేపదే చూసే పద్ధతి) పెట్టి 300 మిల్లీసెకన్లకు ఒకసారి, మూడు తప్పితే లైన్ పోయినట్టు అని చెబితే దాదాపు 900 మిల్లీసెకన్లలో తెలిసిపోతుంది. ఇంకా తగ్గించాలనే ఆశ వద్దు. ఆప్టికల్ నెట్‌వర్క్ తనంతట తాను దారి మార్చుకునే చిన్న కుదుపులకు కూడా మీ రౌటింగ్ ఊగిపోతుంది.

ఇప్పుడు రెండు లైన్ల విషయం. చాలామంది ఇక్కడే డబ్బు ఖర్చుపెట్టి కూడా ఏమీ కొనుక్కోరు. ఇద్దరు ప్రొవైడర్ల దగ్గర రెండు లైన్లు తీసుకుంటే రెండు దారులు వచ్చినట్టు కాదు. ఇద్దరూ మూడోవాళ్ల ఫైబర్‌నే అద్దెకు తీసుకుని ఉండొచ్చు. లేదా ఇద్దరి కేబుళ్లూ ఒకే వంతెన మీదుగానో ఒకే డక్ట్‌లోంచో వెళ్లొచ్చు. నేను పనిచేసిన ఒకచోట రెండు కంపెనీల లైన్లు ఒకే తవ్వకంలో, ఒకే నిమిషంలో పోయాయి. సైట్ నుంచి కొంత దూరం దాకా రెండూ ఒకే గొట్టంలో ఉన్నాయని అప్పుడే బయటపడింది. కాబట్టి ఒప్పందానికి ముందే రెండు లైన్ల దారుల మ్యాప్ ఫైళ్లు అడిగి తీసుకోండి. కేఎంజెడ్ ఫైల్ ఇమ్మంటే వాళ్లకు అర్థమవుతుంది. రెండింటినీ ఒకే మ్యాప్ మీద వేసి ఎక్కడ దగ్గరవుతున్నాయో, ఎక్కడ ఒకదాన్నొకటి దాటుతున్నాయో చూడండి. భవనంలోకి కేబుల్ వచ్చే చోటు కూడా రెండుగా ఉండాలి. “మాకు చెప్పకుండా దారి మార్చకూడదు” అన్న షరతు ఒప్పందంలో రాయించండి, ఎందుకంటే ప్రొవైడర్లు సర్క్యూట్లను తమ వీలును బట్టి వేరే దారికి మారుస్తుంటారు.

ఆ షరతు పాటిస్తున్నారో లేదో మీరే కనిపెట్టొచ్చు. ప్రతి లైన్ మీద పోనురానూ పట్టే సమయాన్ని రోజంతా కొలిచి దాచుకోండి. నిన్నటిదాకా 6.3 మిల్లీసెకన్లు ఉన్నది ఒక రాత్రి 9.3కి వెళ్లి అక్కడే నిలిచిపోయిందంటే దారి దాదాపు 300 కిలోమీటర్లు పెరిగిందన్నమాట. బహుశా మీ రెండో లైన్ ఉన్న దారికే వచ్చి చేరి ఉంటుంది. ఆ రోజే ఫోన్ చేసి అడగండి.

బ్యాండ్‌విడ్త్ ఎంత కావాలన్నది ఇప్పుడు లెక్కేద్దాం. సగటు ట్రాఫిక్ చూసి లెక్కేయొద్దు. లైన్ తెగి, తిరిగి వచ్చాక పేరుకున్నదంతా ఎంతసేపట్లో అవతలికి చేరాలో దాన్నిబట్టి లెక్కేయండి. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో వాల్ ఫైల్ (రాతల చిట్టా) డిఫాల్ట్‌గా 16 మెగాబైట్లు. బాగా బిజీగా ఉండే గంటలో ఎన్ని ఫైళ్లు పుడుతున్నాయో లెక్కపెడితే మీ రాతల వేగం తెలుస్తుంది. అది సెకనుకు 20 మెగాబైట్లు అనుకుందాం. ఎనిమిది గంటలు లైన్ లేకపోతే 576 గిగాబైట్లు పేరుకుంటాయి. తిరిగి వచ్చాక రీప్లికేషన్‌కు సెకనుకు 40 మెగాబైట్లే దొరికితే, అందులో 20 కొత్త రాతలకే పోతాయి. మిగతా 20తో పాతది తీరడానికి మళ్లీ ఎనిమిది గంటలు. ఆ ఎనిమిది గంటలూ రెండో సైట్ వెనకబడే ఉంటుంది. అదే 200 మెగాబైట్లు ఇవ్వగలిగితే గంట లోపు అయిపోతుంది. ఈ పేరుకునేదంతా ప్రైమరీ డిస్క్ మీదే ఉంటుందని కూడా గుర్తుపెట్టుకోండి. రీప్లికేషన్ స్లాట్ (స్టాండ్‌బై అందుకునేదాకా వాల్‌ను చెరపకుండా ఉంచే ఏర్పాటు) వాడుతూ పరిమితి పెట్టకపోతే డిస్క్ నిండి ప్రైమరీయే ఆగిపోతుంది. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి స్లాట్ ఎంత వాల్ దాచి ఉంచొచ్చో పరిమితి పెట్టే సెట్టింగ్ ఉంది. దాన్ని పెట్టండి, దానికి సరిపడా డిస్క్ ఉంచండి. పరిమితి దాటితే స్టాండ్‌బైని మొదటి నుంచి కాపీ చేసుకోవాల్సి రావచ్చు. 100 టెరాబైట్ల కాపీకి 10 గిగాబిట్ లైన్ పూర్తిగా ఇచ్చినా 22 గంటలు దాటుతుంది, 1 గిగాబిట్ మీదైతే తొమ్మిది రోజులు.

మీ సైజుకు 10 గిగాబిట్ లైన్లు రెండు, వేర్వేరు దారుల్లో, చాలని నా అంచనా. అయితే రెండింటినీ వాడుతున్నప్పుడు ఏదీ సగం దాటి నిండకూడదు. రెండూ 70 శాతం నిండి నడుస్తుంటే ఒకటి పోయిన క్షణంలో రెండోది కూడా మునుగుతుంది. బ్యాకప్, లాగ్‌ల కాపీ లాంటి వాటిని వేరే వర్గంగా గుర్తు వేసి, లైన్ ఇరుకైనప్పుడు ముందు వాటికే కోత పడేలా చెయ్యండి. గూగుల్ తన డేటా సెంటర్ల మధ్య బీ4 నెట్‌వర్క్‌లో చాలా లింకులను దాదాపు పూర్తిగా నింపి నడుపుతున్నామని 2013లో ప్రచురించింది. అది చూసి మనమూ అలా నింపొచ్చనుకోవద్దు. ఏ ట్రాఫిక్ ఆగగలదో, ఏది ఆగలేదో అప్లికేషన్ స్థాయిలోనే తెలిసి, పంపే చోటే వేగం తగ్గించగలగడం వల్ల వాళ్లకు అది కుదిరింది.

లైన్ వచ్చిన మొదటి రోజు తప్పకుండా వచ్చే ఫిర్యాదు ఒకటుంది: “10 గిగాబిట్ అన్నారు, కాపీ పెడితే అంత రావట్లేదు.” 10 గిగాబిట్, 6 మిల్లీసెకన్లు అంటే ఏ క్షణంలోనైనా 7.5 మెగాబైట్లు దారిలోనే ఉండాలి. చాలా లినక్స్ వెర్షన్లలో టీసీపీ బఫర్ల (దారిలో ఉన్న డేటాను దాచి ఉంచే మెమరీ) డిఫాల్ట్ గరిష్ఠం తీసుకునేవైపు 6 మెగాబైట్లు, పంపేవైపు 4 మెగాబైట్లు. కాబట్టి ఒకే కనెక్షన్ లైన్‌ను నింపలేదు. బఫర్లు పెంచండి, లేదా ఒకేసారి చాలా కనెక్షన్లతో కాపీ చెయ్యండి. ప్యాకెట్లు పోవడం దీనికంటే చెడ్డది. పదివేల ప్యాకెట్లకు ఒకటి పోయినా చాలు, పాత తరహా టీసీపీ లెక్క ప్రకారం ఈ దూరంలో ఒక కనెక్షన్ 240 మెగాబిట్ల దగ్గర ఆగుతుంది. కొత్త అల్గారిథమ్‌లు కాస్త మెరుగే అయినా, 0.01 శాతం నష్టాన్ని “చాలా తక్కువే కదా” అని ప్రొవైడర్ అంటే ఒప్పుకోవద్దు.

ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ గరిష్ఠ సైజు) గురించి కూడా ఆర్డర్ ఫారమ్‌లోనే రాయండి. మామూలు 1500 బైట్ల ప్యాకెట్‌కు వీఎక్స్‌ల్యాన్ (ప్యాకెట్‌ను ఇంకో ప్యాకెట్‌లో చుట్టి పంపే పద్ధతి) 50 బైట్లు, వైర్‌గార్డ్ (ఎన్‌క్రిప్ట్ చేసి పంపే టన్నెల్) ఐపీవీ4 మీద 60 బైట్లు కలుపుతాయి. లైన్ 1500 మాత్రమే మోస్తే పెద్ద ప్యాకెట్లు ఆగిపోతాయి. దారిలో ఏదో ఫైర్‌వాల్ ఐసీఎంపీని (నెట్‌వర్క్ లోపాలు చెప్పే సందేశాలను) అడ్డుకుంటే పంపినవాడికి ఆ సంగతి కూడా తెలియదు. లక్షణం ఎప్పుడూ ఒకటే: పింగ్ వెళ్తుంది, లాగిన్ అవుతుంది, పెద్ద ఫలితం అడగ్గానే కనెక్షన్ కదలకుండా ఉండిపోతుంది. 9000 అడగండి. పరీక్షించేటప్పుడు ముక్కలు చెయ్యొద్దనే గుర్తుతో పెద్ద పింగ్‌లు పంపి చూడండి. 1500 ఎంటీయూ అయితే 1472 బైట్ల పింగ్ సరిగ్గా పడుతుంది, అంతకంటే పెద్దది పడదు.

వీల్యాన్‌లు ఎందుకు వద్దంటున్నానంటే, లేయర్ 2 (మధ్యలో రౌటర్ లేని స్థానిక నెట్‌వర్క్) సాగదీస్తే రెండు సైట్లూ ఒకే తప్పులో భాగస్వాములవుతాయి. ఒక సైట్‌లో ఎవరో కేబుల్ లూప్ చేస్తే బ్రాడ్‌కాస్ట్ తుఫాను (అందరికీ వెళ్లే ప్యాకెట్లు ఆగకుండా తిరగడం) రెండింటినీ ముంచుతుంది. రెండు సైట్లు పెట్టుకున్న ఉద్దేశమే పోతుంది. గేట్‌వే (వీల్యాన్ నుంచి బయటికి వెళ్లే ద్వారం) ఒకవైపే ఉంటే, అవతలి సైట్‌లో పక్కపక్కనే, వేర్వేరు వీల్యాన్‌లలో ఉన్న రెండు సర్వర్లు మాట్లాడుకోవడానికి 600 కిలోమీటర్లు వెళ్లి తిరిగి రావాల్సిన పరిస్థితి కూడా వస్తుంది. సాధారణంగా ఈ కోరిక వెనక ఉండే అవసరం “సైట్ మారినా ఐపీ మారకూడదు” అన్నది. దానికి డీఎన్ఎస్ పేరు వాడండి. అది కుదరని పాత సాఫ్ట్‌వేర్ ఉంటే, ఆ ఒక్క అడ్రస్‌ను /32 రూట్‌గా (ఒకే అడ్రస్‌కు దారిగా) ఏ సైట్‌లో ఉంటే అక్కడి నుంచి బీజీపీలో ప్రకటించండి. సైట్ల మధ్య ఎప్పుడూ రౌటింగే ఉండనివ్వండి. నిజంగా తప్పనిసరైతే ఈవీపీఎన్ (రౌటింగ్ మీదుగా లేయర్ 2ను మోసే పద్ధతి) వాడి, ఒకటి రెండు వీల్యాన్‌లకే పరిమితం చేసి, బ్రాడ్‌కాస్ట్‌కు హద్దు పెట్టండి.

ఐపీ రేంజ్‌లు రెండు చోట్లా ఒకటే ఎందుకయ్యాయో ఊహించొచ్చు. రెండు క్లస్టర్లూ ఒకే గైడ్ చూసి కట్టి ఉంటారు. కుబ్‌అడ్మిన్ (కుబర్నెటిస్ క్లస్టర్ కట్టే టూల్) డిఫాల్ట్‌గా సర్వీసులకు 10.96.0.0/12 ఇస్తుంది, ఫ్లానెల్ (పాడ్‌ల నెట్‌వర్క్ టూల్) గైడ్‌లలో పాడ్‌లకు (అప్లికేషన్ నడిచే కంటైనర్ల గుంపులకు) 10.244.0.0/16 ఉంటుంది. రెండు చోట్లా అవే ఉంటే ఒక సైట్ పాడ్ ఇంకో సైట్ పాడ్‌కు నేరుగా వెళ్లలేదు. నాట్ (అడ్రస్ మార్పిడి) పెట్టి సర్దొచ్చు, కానీ రాత్రి రెండు గంటలకు లాగ్‌లు చదివేవాళ్లకు ఏ అడ్రస్ ఏ సైట్‌దో అర్థం కాదు. నడుస్తున్న క్లస్టర్‌లో పాడ్ రేంజ్ మార్చడం దాదాపు కొత్త క్లస్టర్ కట్టినంత పని. అయినా ఇప్పుడే ఒక సైట్‌ను కొత్త రేంజ్‌లతో మళ్లీ కట్టమంటాను, రేపు మూడో సైట్ వస్తే ఇంకా కష్టమవుతుంది. 10.0.0.0/8లో పదహారు /12లు (పెద్ద అడ్రస్ ముక్కలు) ఉన్నాయి. సైట్‌కు ఒక /12 ఇచ్చేయండి. అందులో సర్వర్లకు, పాడ్‌లకు, సర్వీసులకు, మేనేజ్‌మెంట్‌కు, లైన్ల చివరలకు వేర్వేరు భాగాలు. సైట్ల మధ్య ఒక్కో సైట్‌కు ఒక్క రూట్ కనబడితే చాలు. కుబర్నెటిస్ ఒక్కో నోడ్‌కు డిఫాల్ట్‌గా /24 ఇస్తుంది కాబట్టి పాడ్‌లకు /16 ఇస్తే 256 నోడ్‌ల వరకు సరిపోతుంది. మీ 40కి ధారాళంగా ఉంటుంది. డాకర్ డిఫాల్ట్ 172.17.0.0/16ను మాత్రం దేనికీ కేటాయించొద్దు, ఎక్కడో ఒక సర్వర్‌లో అది తగులుతుంది.

ఎన్‌క్రిప్షన్ మీ పనే, లీజు లైన్ అంటే రహస్య లైన్ అని కాదు. సొంత ఫైబర్ లేదా ఈథర్‌నెట్‌ను ఉన్నదున్నట్టు మోసే సర్క్యూట్ అయితే మ్యాక్‌సెక్ (ఈథర్‌నెట్ స్థాయి ఎన్‌క్రిప్షన్) పూర్తి వేగంతో నడుస్తుంది. ఐపీ సర్వీసు అయితే ఐపీసెక్ (ఐపీ స్థాయి ఎన్‌క్రిప్షన్) లేదా వైర్‌గార్డ్. ఒకటే టన్నెల్ అయితే ట్రాఫిక్ మొత్తం ఒకే ఫ్లోగా కనబడి రెండు లైన్లలో ఒకదాని మీదే పోవచ్చు. అందుకని లైన్‌కు ఒకటి చొప్పున టన్నెళ్లు పెట్టండి.

రెండో సైట్‌లోని రౌటర్ల కన్సోల్‌కు (నెట్‌వర్క్ పోయినా రౌటర్‌లోకి లాగిన్ అయ్యే పోర్టుకు) వెళ్లే దారి ఈ లైన్ల మీద అసలు ఆధారపడకూడదు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్‌లో బ్యాక్‌బోన్ సామర్థ్యాన్ని కొలవడానికి ఇచ్చిన ఒక కమాండ్ ఆ బ్యాక్‌బోన్ మొత్తాన్ని తెంపేసింది. ఇలాంటి కమాండ్‌ను ఆపాల్సిన తనిఖీ టూల్‌లోనూ లోపం ఉంది. డేటా సెంటర్లు కనబడకపోవడంతో డీఎన్ఎస్ సర్వర్లు తమ బీజీపీ ప్రకటనలను వెనక్కి తీసుకున్నాయి. అత్యవసరానికి ఉంచుకున్న వేరే నెట్‌వర్క్ కూడా పనిచెయ్యలేదు, ఇంజినీర్లు భవనాల్లోకి స్వయంగా వెళ్లి సరిచెయ్యాల్సి వచ్చింది. సర్వీసులు దాదాపు ఆరు గంటలు లేవు. మీకైతే ఒక మొబైల్ డేటా రౌటర్, ఒక కన్సోల్ సర్వర్ చాలు. వాటి లాగిన్ మాత్రం అవతలి సైట్‌లోని డీఎన్ఎస్‌నో పాస్‌వర్డ్ సర్వర్‌నో అడగకూడదు.

యూజర్లను రెండో సైట్ మీదకు పంపకముందే పరీక్షలు చెయ్యండి. ముందు ఒక లైన్ తీసి ఎంతసేపట్లో ట్రాఫిక్ మారిందో కొలవండి. తర్వాత లైన్ తియ్యకుండా ఒక శాతం ప్యాకెట్లు పడిపోయేలా చేసి చూడండి. బీఎఫ్‌డీకి ఇది సాధారణంగా దొరకదు, నిజ జీవితంలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. దీనికి నష్టాన్ని నిరంతరం కొలిచే అలారం విడిగా ఉండాలి. చివరగా రెండు లైన్లూ తీసి ఒక గంట అలాగే ఉంచండి. ఎవరు ప్రైమరీ, ఏది ఆగింది, డిస్క్ ఎంత నిండింది, కన్సోల్ అందిందా అని రాసుకుని, లైన్లు తిరిగి పెట్టాక రీప్లికేషన్ ఎంతసేపట్లో అందుకుందో మీ లెక్కతో పోల్చండి. తేడా ఎక్కువగా ఉంటే అక్కడే ఆగి కారణం వెతకండి. మూడో సైట్ పని మొదలుపెట్టడం ఆ తర్వాత సంగతి.